వేలిముద్ర మళ్లీ వచ్చింది

మన దేశంలో అక్షరాస్యతా ఉద్యమం ఒక స్పష్టమైన ఆశయంతో బయలుదేరినది. జీతాల రిజిస్టరులోను, మనియార్డరు ఫారం మీదను, వడ్డీ వ్యాపారి చూపిన పత్రం మీదను వేలిముద్ర వేసే చేయి కలం పట్టి సంతకం చేయాలన్నదే ఆ ఆశయం. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం, 1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషను ప్రారంభమైనవి. లక్షలాది మంది కూలీలు, రైతు స్త్రీలు రాత్రి బడులలో పలకలు పట్టినారు.

ఆ వేలిముద్ర నేడు తిరిగి వచ్చింది. ఆనాడు సిరా ప్యాడు ఉండేది. ఈనాడు చేతి యంత్రానికి అమర్చిన గాజు పలక ఉన్నది. ఆనాడు వేలిముద్ర వేసిన మనిషి కాగితం మీద వ్రాసినది చదువలేకపోయెను. ఈనాడు వేలు ఆన్చిన మనిషి తెర మీద కనిపించే అంకెను చదువలేకపోతున్నాడు. ఎంత సొమ్ము తీసినట్లు నమోదైనదో, దేనికి సమ్మతి ఇచ్చినాడో ఆయనకు తెలియదు. నిన్న అక్షరం నేర్చినవాడిని కూడా ఈ రోజున నిరక్షరాస్యుని వరుసలో నిలబెట్టుతున్నారు. ఇది సహజంగా జరిగిన పరిణామం కాదు. బోధించే బాధ్యతను వదలి, వాడకాన్ని మాత్రం తప్పనిసరి చేసిన విధాన ఫలితమిది.

ఈ విషయాన్ని చర్చించటానికి రాయపూర్ కంటె తగిన చోటు లేదు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు దేశమంతటా 2018 సెప్టెంబరు 1న ప్రారంభమైనది. కాని దాని తొలి ప్రయోగశాఖలు 2017 జనవరి 30ననే రెండు నగరాలలో తెరువబడినవి. ఒకటి రాంచీ, రెండవది రాయపూర్. పోస్ట్‌మాన్ సంచిలోనికి బ్యాంకును చేర్చే ప్రయోగాన్ని ఛత్తీస్‌గఢ్ ప్రజల మీద ముందుగా చేసినారన్న మాట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో అక్షరాస్యత సుమారు 70 శాతం. పురుషులలో 80, స్త్రీలలో 60. అనగా ప్రతి పదిమంది స్త్రీలలో నలుగురు అక్షరమే ఎరుగని చోట, తెర మీది బ్యాంకును ప్రవేశపెట్టినారు. అది తప్పని మేము అనము. మారుమూల పల్లెకు బ్యాంకు పోవలసినదే. కాని బ్యాంకుతోపాటు బడి ఎందుకు పోలేదని అడుగుతున్నాము.

మరొక ఉదాహరణ చూడండి. 2018లో నాటి రాష్ట్ర ప్రభుత్వం సంచార్ క్రాంతి యోజన పేరుతో సుమారు 50 లక్షల స్మార్ట్‌ఫోన్లను మహిళలకు, కళాశాల విద్యార్థులకు ఉచితంగా ఇస్తామని ప్రకటించి పంపిణీ మొదలుపెట్టినది. ఆ ఏడాది చివరన ఎన్నికలలో ప్రభుత్వం మారినది, పథకం ఆగిపోయినది. పెట్టె ఇచ్చుట సులభం. ఫోటో తీయించుకొనుట మరింత సులభం. ఆ పెట్టెను చదివే శక్తి ఇచ్చుట మాత్రమే కష్టం. ఆ కష్టమైన పనికే ఎన్నడూ నిధులు చాలవు, వ్యవధి చాలదు.

కేంద్ర ప్రభుత్వం ఏమి చేసినది? ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ 2017లో ఆమోదం పొందినది. ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాలలో కుటుంబానికి ఒక్కరికి శిక్షణ; కేటాయింపు 2,351.38 కోట్ల రూపాయలు. భాగించి చూస్తే మనిషికి సుమారు 392 రూపాయలు. శిక్షణ కాలం 20 గంటలు. అర్హత వయస్సు 14 నుండి 60 సంవత్సరాలు. 2024 మార్చి 31తో పథకం ముగిసినది. ఆరు కోట్లకు పైగా శిక్షణ పొందినారని ప్రభుత్వం ప్రకటించి లక్ష్యం నెరవేరినదని సంతోషించినది.

ఈ నిబంధనలను మన సభ్యుల బ్రతుకుల ప్రక్కన పెట్టి చదువుదాము. గ్రామీణ డాక్ సేవకుడు 65 సంవత్సరాల వరకు పనిచేస్తాడు. చేతి యంత్రం పట్టుకొని పల్లె పల్లెకు తిరిగి నగదు పంచుతాడు. కాని ప్రభుత్వం వారి డిజిటల్ బడిలో చేరటానికి ఆయన 60 దాటగానే అనర్హుడు. పని చేయించుకొనుటకు పనికివచ్చే వయస్సు చదువుకొనుటకు పనికిరాకుండా పోయినది! రాయపూర్ వ్యాగన్ రిపేరు షాపు కాలనీలో నివసించే కార్మికుని భార్య సంగతి మరొక విధం. ఆమె వయస్సు సరిపోవచ్చును. కాని ఆమె పట్టణవాసి కనుక ఆ పథకంలో చోటు లేదు. కుటుంబానికి ఒక్కరు అన్న నిబంధన ఇంకను విచిత్రమైనది. ఇంటిలో ఒక్కరు భోజనం చేసినంత మాత్రాన తక్కినవారి ఆకలి తీరదు. ఆ ఒక్కరు సాధారణంగా కుమారుడే కావటం, తల్లికి ఎప్పటివలెనే వేలిముద్ర మిగలటం మనకు తెలిసినదే.

ప్రస్తుతం నడుస్తున్నది ఉల్లాస్ అనే నవభారత సాక్షరతా కార్యక్రమం. 2022 నుండి 2027 వరకు ఐదేండ్లకు 1,037.90 కోట్ల రూపాయలు. లక్ష్యం ఐదు కోట్ల మంది. మనిషికి సుమారు 208 రూపాయలు. పదిహేనేండ్లు దాటిన వారందరికీ ఇది వర్తించటం, డిజిటల్ పరిజ్ఞానాన్ని, ఆర్థిక పరిజ్ఞానాన్ని పాఠ్యాంశాలలో చేర్చటం మంచి విషయాలే. దానిని మేము కాదనము. కాని బోధకుడు ఎవరు? స్వచ్ఛంద సేవకుడు. వేతనం లేదు, కర్తవ్య బోధమే వేతనం. వంతెన కట్టేవానికి వేతనం, యాప్ తయారు చేసే కంపెనీకి కాంట్రాక్టు, అక్షరం నేర్పే మనిషికి మాత్రం ధన్యవాదాలు! సేవాభావాన్ని మేము గౌరవిస్తాము. ప్రభుత్వ బాధ్యతకు సేవాభావాన్ని ప్రత్యామ్నాయంగా చూపటాన్ని మాత్రం అంగీకరించము.

ఇక మన కార్యాలయాలకు వద్దాము. రైల్వేలో పాసులు, పి.టి.ఓ.లు 2020 నుండి హెచ్.ఆర్.ఎం.ఎస్. ద్వారా కంప్యూటరులోనే వస్తున్నవి. ఎండలో పట్టా మీద నడిచే ట్రాక్ మెయింటెయినరు తన హక్కైన పాసు కోసం ఫోను తెరువవలెను. తెరువలేనివాడు ప్రక్క దుకాణం వానికి సొమ్ము చెల్లించి తన పాస్‌వర్డును అప్పగించవలెను. ప్రయాణీకుల సంగతి చెప్పనక్కర లేదు. 2025 జూలై నుండి ఆన్‌లైన్ తత్కాల్ టిక్కెట్టుకు ఆధార్ ధృవీకరణ తప్పనిసరి అయినది. ఈ మార్పుల గురించి ప్రయాణీకునికి కిటికీ వద్ద ఓర్పుతో వివరించే మనిషి ఎవరు? ఖాళీలతో కుంగిపోయిన బుకింగు క్లర్కు. తపాలా కౌంటరు వద్ద ఎవరు? ప్రజల తిట్లు తిన్న పోస్టల్ అసిస్టెంటు. వీధిలో ఎవరు? పోస్ట్‌మాన్. మన ఉద్యోగులు ఈనాడు దేశంలోకెల్లా పెద్ద ఉపాధ్యాయ సైన్యం. వారికి ఉపాధ్యాయ శిక్షణ లేదు, ఆ పనికి కేటాయించిన సమయం లేదు, గుర్తింపు అంతకన్నా లేదు.

పెన్షనర్ల జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో వచ్చింది. 2020 నుండి పోస్ట్‌మాన్ ఇంటికి వచ్చి 70 రూపాయల రుసుముతో ఆ పత్రాన్ని సమర్పించే ఏర్పాటు ఉన్నది. మంచం పట్టిన వృద్ధునికి ఇది నిజమైన మేలు. దానిని చేసి పెడుతున్నవాడు మన సోదరుడే కనుక గర్వించదగినది. కాని ఆ వృద్ధునికి ఓ.టి.పి. అంటే ఏమిటో, దానిని ఎవరికి చెప్పరాదో ఎవరు నేర్పినారు? పోలీసు దుస్తులు ధరించి తెర మీద కనిపించిన దొంగ, డిజిటల్ అరెస్టు చేసినామని బెదిరించి జీవితకాలపు గ్రాట్యుటీని దోచుకొనుచున్న కాలమిది. అటువంటి అరెస్టు ఏ చట్టంలోను లేదన్న ఒక్క వాక్యం, 1930 అనే ఒక్క ఫోను నంబరు తెలిసి ఉంటే ఎందరి సొమ్ము నిలిచేది! చదువు లేకపోవటం ఆనాడు వడ్డీ వ్యాపారికి లాభం. ఈనాడు సైబరు దొంగకు లాభం.

మనలోనే రెండు వాదనలు వినబడుతున్నవి. వాటికి సమాధానం చెప్పవలసి ఉన్నది.

మొదటిది: పెద్దవారికి ఇప్పుడు వచ్చునా, పిల్లలు చేసి పెడతారు లెమ్మని. ఈ వాదాన్ని కేరళ ఆచరణలోనే ఖండించినది. తిరువనంతపురం జిల్లా పుల్లంపార పంచాయతీలో మొదలైన ప్రయత్నం రాష్ట్రమంతటా విస్తరించి, 2025 ఆగస్టు 21న కేరళ సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యతా రాష్ట్రంగా ప్రకటింపబడినది. ఇల్లిల్లూ సర్వే చేసి, రానివారిని గుర్తించి, సుమారు 22 లక్షల మందికి నేర్పినారు. వయోపరిమితి పెట్టలేదు, నూరేండ్లు దాటినవారు కూడా నేర్చుకొన్నారు. వృద్ధుల మెదడు మొద్దుబారినదన్నది అపోహ. మొద్దుబారినది పాలకుల సంకల్పం. అంతేకాక, పిల్లల చేతికి పాస్‌వర్డు ఇచ్చిన తండ్రి తన పెన్షను మీద అధికారాన్ని కూడా ఇచ్చివేస్తున్నాడని మరువరాదు.

రెండవది: యంత్రం వల్లనే ఉద్యోగాలు పోతున్నవి, యంత్రాన్నే బహిష్కరిద్దామని. ఈ ఆవేదనలో సత్యమున్నది. కాని ఛత్తీస్‌గఢ్ కార్మికోద్యమమే ఇంతకన్నా లోతైన మార్గం చూపినది. దల్లీరాజహరా గనులలో శంకర్ గుహా నియోగీ నాయకత్వాన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక సంఘం పూర్తి యాంత్రీకరణను ఎదిరించినది. కాని ఊరక ఎదిరించలేదు. కార్మికుల పని నిలుపుతూ ఉత్పత్తి పెంచే పాక్షిక యాంత్రీకరణ ప్రణాళికను తానే ముందుంచినది. ఆ సంఘమే పాఠశాలలు నడిపినది. 1983లో షహీద్ ఆస్పత్రి తెరచినది. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నియోగీని హత్య చేసినారు. ఆయన నేర్పిన పాఠాన్ని చంపలేకపోయినారు. యంత్రం గురించి తెలిసిన కార్మికుడే యంత్రం షరతులను శాసించగలడు. తెలియనివాడు దాని ముందు ప్రార్థించవలెను, లేదా పారిపోవలెను.

తెలుగువారికి మరొక పాఠం ఉన్నది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతుల స్త్రీలు వాచకంలో సీతమ్మ కథ చదివినారు. అది సారాతో నాశనమైన తమ ఇంటి కథేనని గ్రహించినారు. 1992లో దూబగుంటలో రగిలిన నిప్పు రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసినది. అ, ఆ నేర్పినందువలన కాక, తమ బ్రతుకును చదువుట నేర్పినందువలన అది సాధ్యమైనది. డిజిటల్ చదువు కూడా అట్లే ఉండవలెను. బొత్తాము ఎక్కడ నొక్కవలెనో చెప్పి వదలుట చదువు కాదు. నా వేలిముద్ర ఎక్కడికి పోయినది, నా వేతనపు లెక్క సరియేనా, తప్పు జరిగితే ఎవరిని నిలదీయవలెను అన్న ప్రశ్నలను పుట్టించేదే చదువు.

భాష విషయం కూడా ఇందులోనిదే. రాయపూర్-విజయనగరం లైను వెంట శ్రీకాకుళం, విజయనగరం సీమల నుండి వచ్చి రైల్వేలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నవి. తాతకు తెలుగు అక్షరం వచ్చును. మనుమనికి హిందీ వచ్చును. చేతి ఫోను ఇంగ్లీషులో పలుకును. ఒకే ఇంటిలో ముగ్గురూ ఒకరికొకరు నిరక్షరాస్యులు! పెద్దలకు వచ్చిన లిపిలో మొదలుపెట్టక, రాని భాషలో బోధించి, వారికి రాదని తీర్పు చెప్పుట అన్యాయం. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియా మాట్లాడే సభ్యులకు వారి వారి భాషలలోనే పాఠం జరుగవలెను.

ఇది దయతో అడిగే వరం కాదు. డిజిటల్ సదుపాయాన్ని అందుకొనే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో అంతర్భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పినది. హక్కు అయినప్పుడు దానిని అందించుట ప్రభుత్వ విధి.

కనుక మన డిమాండ్లు స్పష్టంగా ఉండవలెను. ఒకటి: ఏ కొత్త యంత్రాన్నిగాని, యాప్‌ను గాని ప్రవేశపెట్టేముందు ఉద్యోగులందరికీ, గ్రామీణ డాక్ సేవకులతో సహా, పనివేళలలో వేతనంతో కూడిన శిక్షణ ఇవ్వవలెను. రెండు: డిజిటల్ శిక్షణా పథకాలలో వయోపరిమితిని, కుటుంబానికి ఒక్కరన్న నిబంధనను ఇకముందు ఎన్నడూ పెట్టరాదు, పెన్షనర్లను, కుటుంబ సభ్యులను చేర్చవలెను. మూడు: ప్రజలకు నేర్పే పనిని పోస్ట్‌మాన్ మీద, బుకింగు క్లర్కు మీద మోపినచో దానికి సమయం, సిబ్బంది, పారితోషికం కేటాయించవలెను. నాలుగు: నేర్చుకొనే వరకు కాగితపు మార్గాన్ని, కిటికీని, మనిషిని తొలగించరాదు. ఐదు: 1958 నుండి ఉన్న కార్మిక విద్యా బోర్డు ఈ బోధనను తన ప్రధాన కార్యక్రమంగా చేపట్టవలెను.

డిమాండుతో మన పని ముగియదు. ప్రతి శాఖా సంఘం తన కార్యాలయంలో వారానికొక సాయంకాలం బల్ల వేసి బోధన ప్రారంభించవలెను. యువ సభ్యుడు ఫోను నేర్పవలెను. రిటైరైన పెద్ద సర్వీసు నిబంధనలు, 1974 సమ్మె అనుభవాలు నేర్పవలెను. తరగతికి భార్యలను, తల్లులను తప్పక పిలువవలెను. సంఘం నడిపే బల్ల ప్రభుత్వానికి బాధ్యత నుండి విముక్తి పత్రం కారాదు; దాని ముందు పెట్టే సాక్ష్యం కావలెను. నేర్పితే వచ్చునని మనం చూపిన తరువాత, రాదన్న సాకు వారికి మిగలదు.

సెప్టెంబరు 8న అంతర్జాతీయ అక్షరాస్యతా దినం వచ్చును. ఆనాడు అధికారులు ఉపన్యాసాలు ఇత్తురు. మన శాఖలు ఆ దినానికి ముందే బల్లలు వేసి, నేర్చినవారి పేర్లతో, నేర్పవలసినవారి సంఖ్యతో, పై ఐదు డిమాండ్లతో ప్రతి డివిజను కార్యాలయానికి మహజరు సమర్పించవలెను. ఆ మహజరు క్రింద వేలిముద్రలు వద్దు, సంతకాలే ఉండవలెను.