అద్దాల మీద మంచు అతికించే పని ఎవరిది?

డిసెంబరు వచ్చిందంటే మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ ఆఫీసుల్లో ఒక మెయిల్ తిరుగుతుంది. సబ్జెక్ట్: బే డెకరేషన్ పోటీ. ఇక వారం రోజులు ఎటు చూసినా చార్ట్ పేపర్లు, థర్మోకోల్ షీట్లు, సీరియల్ లైట్లు, దూది. బయట మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటున్నా, లోపల కిటికీ అద్దాల మీద దూదితో మంచు కురుస్తుంటుంది. చూడ్డానికి బాగుంటుంది, నాకూ ఇష్టమే. ఆ ఫొటోలు లింక్డ్‌ఇన్‌లోకి ఎక్కుతాయి. క్యాంపస్‌లో ఉన్న మీరు అవి చూసి ‘జాబ్ అంటే ఇలా ఉండాలి’ అనుకుంటారు.

ఆ దూది ఎవరు అతికించారు, ఎవరి టైమ్‌లో అతికించారు అనేది మాత్రం ఫొటోలో కనిపించదు. కొత్తగా చేరిన జూనియర్ల నుంచి ఈ సీజన్‌లో నాకు వచ్చే మెసేజ్ దాదాపు ఒకటే: ‘అక్కా, డెకరేషన్ కమిటీలో నా పేరు వేశారు. వద్దంటే ఏమనుకుంటారో?’

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆఫీసు కిటికీ అలంకరణ సరదా మాత్రమే కాదు, అది కూడా పనే. పనిగా లెక్కేసి వంతులవారీగా పంచితే టీమ్‌కి మంచిది. ‘అమ్మాయిలు, ఫ్రెషర్లు చూసుకుంటార్లే’ అని వదిలేస్తే అన్యాయం.

ఖాళీగా కనిపించే నెల

మన దగ్గర చాలా ప్రాజెక్టులకు క్లయింట్లు అమెరికా, యూరప్ కంపెనీలు. నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ నుంచి కొత్త సంవత్సరం దాకా అక్కడి రిటైల్ సంస్థలకు అమ్మకాల సీజన్. ఆ టైమ్‌లో సిస్టమ్ పడిపోతే నష్టం పెద్దది. అందుకే చాలా ప్రాజెక్టుల్లో ‘చేంజ్ ఫ్రీజ్’ పెడతారు. అంటే అత్యవసరమైతే తప్ప కొత్త కోడ్ ప్రొడక్షన్‌లోకి వెళ్లదు. క్లయింట్ వైపు మేనేజర్లు సగం మంది సెలవుల్లో ఉంటారు. డెవలపర్లకు కాస్త ఊపిరి దొరుకుతుంది. బే డెకరేషన్‌కి టైమ్ దొరికేది అందుకే.

ఫ్రెషర్‌కి మాత్రం ఆ ఊపిరి దొరికే వారాలు బంగారం లాంటివి. మిగతా నెలల్లో ‘తర్వాత చెప్తా’ అనే సీనియర్, పక్కన కూర్చోబెట్టుకుని ఆర్కిటెక్చర్ వివరించేది, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ సెషన్లు పెట్టేది అప్పుడే. ఆ గంటలు థర్మోకోల్ కోయడంలో పోతే, జనవరిలో ఎవరూ తిరిగి ఇవ్వరు.

నేను మొదట పనిచేసిన కంపెనీలో జరిగింది ఇదే. మా బ్యాచ్ అమ్మాయిలను ‘మీ చేతుల్లో కళ ఉంటుంది’ అంటూ కిటికీల పనికి వేశారు. నాలుగు రోజులు సాయంత్రాలు దానికే సరిపోయాయి. అదే సాయంత్రాల్లో అబ్బాయిలు ఓ సీనియర్ పెట్టిన సెషన్లలో కూర్చున్నారు. జనవరిలో ప్రాజెక్టులో రెండు ఖాళీలు వచ్చాయి. ‘మాడ్యూల్ తెలిసినవాళ్లు ఎవరు?’ అని అడిగితే ఎవరి పేర్లు వచ్చి ఉంటాయో మీరే ఊహించుకోండి. మా బేకి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. అప్రైజల్ ఫారంలో దానికి గడి లేదు.

చెయ్యి ఎత్తేది ఎవరు?

ఇది మా ఆఫీసు గొడవ మాత్రమే కాదు. లిండా బాబ్‌కాక్, లీస్ వెస్టర్‌లండ్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముగ్గురేసి ఉన్న గ్రూపులకు రెండు నిమిషాలు ఇచ్చి, ఎవరో ఒకరు బటన్ నొక్కాలన్నారు. నొక్కితే అందరికీ లాభమే, కానీ నొక్కినవాళ్లకు మిగతా ఇద్దరికంటే తక్కువ డబ్బు. ఆడ, మగ కలిసిన గ్రూపుల్లో మగవాళ్లకంటే 48 శాతం ఎక్కువగా ముందుకొచ్చింది ఆడవాళ్లే. అందరూ మగవాళ్లే ఉన్న గ్రూపుల్లో మాత్రం మగవాళ్లు చక్కగా నొక్కేశారు. అంటే చేతకాక కాదు, వేరేవాళ్లు చేస్తారనే ధీమా. ఎవరినైనా అడగమన్నప్పుడు కూడా ఆడవాళ్లనే 44 శాతం ఎక్కువగా అడిగారు. అలా అడిగినవాళ్లలో మహిళలూ ఉన్నారు.

అలంకరణ తక్కువ పని అని నేను అనడం లేదు. ‘ద వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్’ రాసిన ఎల్. ఫ్రాంక్ బామ్, అంతకుముందు 1897లో షికాగోలో ‘ద షో విండో’ అనే పత్రిక మొదలుపెట్టారు. షాపుల కిటికీలు అలంకరించే నిపుణుల కోసం పెట్టిన పత్రిక అది. ఇప్పుడు అదే పనిని విజువల్ మర్చండైజింగ్ అంటున్నారు. దానికి జీతాలున్నాయి, ప్రమోషన్లున్నాయి. షాపులో జీతం ఇచ్చే పని, ఆఫీసుకొచ్చేసరికి కొత్తమ్మాయి ఉత్సాహంగా ఎందుకు మారిపోవాలి?

‘దీనివల్ల పక్క టీమ్‌లతో పరిచయం పెరుగుతుంది కదా’ అంటారు కొందరు. నిజమే. కొత్తవాళ్లకు భయం పోతుంది, మేనేజర్‌కి మీ పేరు గుర్తుంటుంది. అంత లాభం ఉన్నప్పుడు అది అబ్బాయిలకూ, సీనియర్లకూ దక్కాలిగా!

సరే అనే ముందు

మొదటి ఉద్యోగంలో ‘నో’ అనడం కష్టం. అనక్కర్లేదు కూడా. ఈ నాలుగూ చూసుకుని ‘సరే’ అనండి.

• టైమ్: ఎన్ని గంటలు, ఏ రోజుల్లో అన్నది లీడ్‌కి మెయిల్‌లో చెప్పండి. ‘మంగళ, గురువారాల్లో గంటన్నర చేస్తాను, మూడింటికి ఉన్న సెషన్‌కి మాత్రం వెళ్లాలి’ అంటే చాలు. చీకటి పడేదాకా ఉండాల్సి వస్తే క్యాబ్ ఎవరు ఏర్పాటు చేస్తారో ముందే అడగండి.

• పంపకం: ‘నాతో పాటు ఇంకెవరు?’ అని అడగండి. గ్రూప్‌లో పేర్లు రాసి పెడితే చాలాసార్లు మాటల అవసరం లేకుండానే పని సగమవుతుంది.

• భద్రత: దూది, క్రేప్ పేపర్ చప్పున అంటుకుంటాయి. వేడెక్కే బల్బులకు, వదులుగా ఉన్న ప్లగ్గులకు దగ్గరగా పెట్టకండి. స్ప్రింక్లర్లకు, స్మోక్ డిటెక్టర్లకు ఏదీ చుట్టకండి. ఫైర్ ఎగ్జిట్‌కి అడ్డం రాకూడదు. అద్దాలకు ఏ టేప్ వాడొచ్చో ఫెసిలిటీస్ వాళ్లను అడగండి.

• ఫొటోలు: మీ చెట్టు వెనక మానిటర్‌లో క్లయింట్ డేటా, వైట్‌బోర్డు మీద డిజైన్ ఉండొచ్చు. అది పోస్ట్ చేస్తే సెక్యూరిటీ టీమ్ నుంచి పిలుపు వస్తుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు అది చిన్న విషయం కాదు.

చేసిన పనిని ఊరికే వదిలేయకండి కూడా. ఎంత బడ్జెట్, ఎంతమంది, ఎన్ని రోజులు అన్నది రాసుకోండి. ‘టీమ్‌తో పనిచేసిన అనుభవం చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే, ఉత్తుత్తి మాటలకంటే ఆ అంకెలే బాగా పనికొస్తాయి.

లీడ్‌లు, హెచ్‌ఆర్ వాళ్లకు నా మాట ఒక్కటే. వాలంటీర్లు కావాలని గ్రూప్‌లో అడగడం మానేసి చీటీలు వేయండి. పదేళ్ల అనుభవం ఉన్న ఆర్కిటెక్ట్ పేరు వచ్చినా సరే, కత్తెర ఆయన చేతికే ఇవ్వండి.

దీనికి ఉద్యోగం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. మీ కాలేజీ ఫెస్ట్‌లో ముగ్గు, పూలు అమ్మాయిలకు, సౌండ్, స్పాన్సర్లు అబ్బాయిలకు అని ఎవరో ఎప్పుడో పంచేసి ఉంటారు. ఈసారి మార్చి చూడండి.