పట్టిక క్రింది రెండు వరుసలు

రసాయనశాస్త్రపు ఆవర్తన పట్టికకు దిగువ రెండు వరుసలు వేరుగా ముద్రింపబడి యుండును. "ఇవి పరీక్షలో రావు, విడిచిపెట్టుడు" అని నేనును పెక్కేండ్లు విద్యార్థులతో జెప్పితిని. ఆ మాట తప్పని యిప్పుడొప్పుకొనుచున్నాను.

పై వరుసలోని 15 లోహములను, స్కాండియము, యిట్రియములను గలిపి విరళ మృత్తిక లోహములందురు. పేరు విరళమే గాని భూమిలో నవి మిక్కిలి యరుదు గావు. భీమునిపట్నము, శ్రీకాకుళము తీరములందలి యిసుకలోని మోనజైటునందు నివి గలవు. కష్టమంతయు ఒకదానినుండి యొకటి వేరుచేయుటలోనే యున్నది. 1841లో మొసాండరు ప్రకటించిన డిడిమియమను పేరునకు కవల యని యర్థము. అది యొక లోహము గాదు, రెండని 1885లో గాని తేలలేదు. తేల్చినవాడు కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్. మన క్రిస్మసు కీర్తన బృందములు మోసిన పెట్రోమాక్సు దీపములలోని మ్యాంటిలును కనిపెట్టినవాడును ఆయనయే.

నేడు కర్మాగారములలో ఆమ్లజలమును నూనెవంటి ద్రావణితో పెక్కు తొట్లలో మరల మరల గలిపి వీనిని విడదీయుచున్నారు. ద్రావణి వ్యయము చాల హెచ్చు. ద్రవత్వచ పద్ధతికి కొలది నూనె చాలును. సూక్ష్మరంధ్రములు గల పొరను వాహకాణువులు గలిపిన నూనెలో నానబెట్టుదురు. పొరకు ఇరువైపుల ఆమ్లజలమే. ఆవలి వైపు ఆమ్లము తీవ్రతరము. లోహపు అయాను తనంత తాను నూనెను దాటజాలదు. వాహకము గోదావరి రేవులోని పడవవాని వలె ఈవలి యొడ్డున హైడ్రోజను అయానులను దింపి లోహము నెక్కించుకొనును. ఆవలి యొడ్డున లోహమును దింపి, హైడ్రోజనుతో మరలివచ్చును. అన్ని లోహములను సమానముగా నెక్కించుకొనదు. అందుచేతనే వేరుపాటు సాధ్యమగుచున్నది. అయితే పొరుగు లోహములు ఒక్క దాటుతో పూర్తిగా విడిపోవు, వాహకమును క్రమక్రమముగా నీటిలోనికి జారిపోవును. ఈ లోపమును తీర్చువారు కావలెను.

2023లో విశాఖపట్టణమున సమేరియము-కోబాల్టు అయస్కాంతముల కర్మాగారము జాతికి అంకితమయ్యెను. సంతోషమే. కాని విద్యుత్ మోటారుబండ్లకు వలయు నియోడిమియపు అయస్కాంతములకు మనమింకను పరదేశముల మీదనే మిక్కిలి యాధారపడియున్నాము. 2025 ఏప్రిలులో చైనా 7 విరళ మృత్తికల యెగుమతికి అనుమతిపత్రములు విధింపగా మన మోటారు కర్మాగారములును కలవరపడెను. ఇసుక మనకున్నను వేరుచేయు విద్య చాలకున్నది.

పాఠ్యభాగము ఇదివరకే బరువని సహోపాధ్యాయులు కొందరందురు. నిజమే, నేను కోరునది రెండు పీరియడులు మాత్రమే. సుబేదారియందే విశ్వవిద్యాలయపు ఆర్ట్సు అండ్ సైన్సు కళాశాల గలదు. అచటి ప్రయోగశాలలో నూనెను, ఆమ్లజలమును గలిపి విడదీయుట మన పదవ తరగతి పిల్లలకొక మధ్యాహ్నము చూపింప ననుమతి వేడవలెనని ప్రధానోపాధ్యాయులవారికి మనవి చేయుచున్నాను.