హోటల్ గదులపై జీఎస్టీ తగ్గింది సరే.. హైదరాబాద్ ఖర్చు ఎందుకు తగ్గడం లేదు? అసలు లెక్క అద్దెలో కాదు, అడ్రస్‌లో ఉంది!

హైదరాబాద్‌లో పని పడింది. ఆసుపత్రిలో చూపించుకోవాలి.. లేదంటే అమెరికా వీసా ఇంటర్వ్యూ ఉంది.. లేదంటే పిల్లాడికి పరీక్ష. వెంటనే చేసే పని ఏంటి? ఫోన్‌లో యాప్ తెరవడం, తక్కువ రేటు నుంచి ఎక్కువ రేటుకు వరుస పెట్టడం, పైన కనిపించిన గదిని బుక్ చేసేయడం. చాలామంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. గది అద్దెలో మిగిలిన 500 రూపాయలు మరుసటి రోజు మధ్యాహ్నానికే క్యాబ్‌లకు వెళ్లిపోతున్నాయి. డబ్బులు పోతే పోయాయి, ట్రాఫిక్‌లో చిక్కుకుని అపాయింట్‌మెంట్ తప్పితే మళ్లీ ఎన్నాళ్లకు దొరుకుతుందో చెప్పలేం.

పన్ను తగ్గింపుతో మిగిలేది ఎంత?

2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సామాన్యుడికి ఇది ఊరటే. 2022 జులై 18కి ముందు వెయ్యి లోపు గదులకు అసలు పన్నే ఉండేది కాదు. ఆ తర్వాత వాటికీ 12 శాతం పడింది, ఇప్పుడు 5కి దిగింది.

లెక్క చూద్దాం. 2,000 రూపాయల గదికి ఇదివరకు పన్ను 240. ఇప్పుడు 100. అంటే రాత్రికి 140 రూపాయల మిగులు. రెండు రాత్రులకు 280. నగరంలో ఈ మూల నుంచి ఆ మూలకు ఒక్కసారి క్యాబ్ ఎక్కితే ఆ మిగులు మాయం.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. 5 శాతం పన్ను కట్టే హోటళ్లకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ రాదు. అంటే హోటల్ కొనే వస్తువులపై కట్టిన పన్నును వెనక్కి తీసుకోలేదు. ఆ భారాన్ని కొందరు అసలు అద్దెలో కలిపే అవకాశం ఉంది. కాబట్టి పన్ను శాతం కాకుండా, చివర్లో కట్టాల్సిన మొత్తం ఎంతో చూసుకోవాలి. పెద్ద హోటళ్లలో అయితే మరీ జాగ్రత్త. 7,500 గదికి పన్ను 375 రూపాయలే. రద్దీ రోజు అదే గది 7,600 అయిందంటే 18 శాతం లెక్కన 1,368 కట్టాలి. అద్దె పెరిగింది వంద, బిల్లు పెరిగింది దాదాపు 1,100!

దగ్గరా.. దూరమా.. మెట్రో పక్కనా?

ఒక ఉదాహరణ చూద్దాం. కర్నూలు నుంచి ముగ్గురు మనుషుల కుటుంబం పంజాగుట్టలోని నిమ్స్‌కు వస్తోంది అనుకుందాం. వాళ్ల ముందు రెండు గదులున్నాయి. ఆసుపత్రికి దూరంగా ఉన్నది 1,500. నడిచి వెళ్లేంత దగ్గరలో ఉన్నది 2,200. పన్నుతో కలిపి మొదటిది 1,575, రెండోది 2,310. తేడా 735 రూపాయలు.

దూరపు గది తీసుకుని, క్యాబ్‌కు పోనూ 400, రానూ 400 పెట్టారనుకుంటే 800 అయింది. చవక గది కాస్తా ఖరీదైన గదిగా మారిపోయింది. పేషెంటును ట్రాఫిక్‌లో కూర్చోబెట్టిన కష్టం అదనం.

కానీ కథ ఇక్కడితో అయిపోలేదు. ఆ దూరపు గది మెట్రో స్టేషన్ పక్కనే ఉంటే? 2025 మేలో ఛార్జీలు సవరించిన తర్వాత మెట్రో గరిష్ఠ టికెట్ 69 రూపాయలు. ముగ్గురికి రానూపోనూ ఎంత ఎక్కువ వేసుకున్నా 414. మొత్తం 1,989. దగ్గరి గది కంటే 321 రూపాయలు తక్కువే!

అంటే హోటల్ దూరంగా ఉండటం ఒక్కటే సమస్య కాదు. మెట్రోకు దూరంగా ఉంటేనే అసలు సమస్య. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా 29 కిలోమీటర్లను మెట్రో గంటలోపే దాటేస్తుంది. రోడ్డు మీద సాయంత్రం పూట ఆ మాట ఎవరూ ఇవ్వలేరు.

అయితే ఈ సూత్రం పనిచేయాలంటే స్టేషన్ రెండు వైపులా ఉండాలి. హోటల్ పక్కనా ఉండాలి, పని ఉన్న చోటా ఉండాలి. నిమ్స్‌కు పంజాగుట్ట స్టేషన్ ఉంది. ఉస్మానియా ఆసుపత్రికి ఎంజీబీఎస్ దగ్గర. గాంధీ ఆసుపత్రికి ఆ పేరుతోనే స్టేషన్ ఉంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు నాంపల్లి, లక్డీకాపూల్ ప్రాంతాలు అనుకూలం. కానీ గచ్చిబౌలి వైపు ఆసుపత్రులకు, బంజారాహిల్స్ లోపలి రోడ్లలో ఉన్నవాటికి మెట్రో గుమ్మం దాకా రాదు. అక్కడ మాత్రం కాస్త ఎక్కువ పెట్టయినా దగ్గర్లో దిగడమే మేలు.

వీసా కోసం వచ్చేవాళ్లకు డబుల్ పరీక్ష

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రాలవాళ్లకు అమెరికా వీసా వ్యవహారాలు చూసేది హైదరాబాద్ కాన్సులేటే. ఇది 2023 మార్చిలో బేగంపేట నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది. ఇప్పటికీ పాత అలవాటు కొద్దీ బేగంపేట చుట్టుపక్కల గది వెతికేవాళ్లున్నారు.

ఇక్కడ పని రెండు చోట్ల. వేలిముద్రలు, ఫొటో ఇచ్చే కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోనే ఉంది. దానికి నగరంలో ఎక్కడి నుంచైనా మెట్రోలో రావచ్చు. కానీ ఇంటర్వ్యూ జరిగే నానక్‌రామ్‌గూడకు మెట్రో లేదు. రాయదుర్గం చివరి స్టేషన్. అక్కడ దిగి ఆటోనో క్యాబో పట్టాల్సిందే. అదీ ఐటీ ఉద్యోగులు ఆఫీసులకు పరుగులు పెట్టే వేళలో!

ఇంకో సంగతి. ఇంటర్వ్యూకి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, పెద్ద బ్యాగులు లోపలికి తీసుకెళ్లనివ్వరు. దాచుకోవడానికి కాన్సులేట్‌లో ఏర్పాటు ఉండదు. గది దగ్గర్లో ఉంటే అన్నీ అక్కడే వదిలేసి పత్రాల ఫైలుతో వెళ్లిపోవచ్చు. పైగా 2025 సెప్టెంబర్ నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు బాగా తగ్గాయి. 14 ఏళ్లలోపు పిల్లలు, 79 ఏళ్లు దాటిన పెద్దలు కూడా సాధారణంగా స్వయంగా రావాల్సిందే. పిల్లల్ని చూడటానికి అమెరికా వెళ్లాలనుకునే అమ్మమ్మలు, తాతయ్యలతో ఇది ఇంకా కష్టమైన ప్రయాణం. అందుకే వేలిముద్రల రోజు ఎక్కడ ఉన్నా పర్వాలేదు కానీ, ఇంటర్వ్యూ ముందు రాత్రి మాత్రం గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఉండటమే తెలివైన పని.

దిగే స్టేషన్ మారింది.. అలవాటు మారలేదు

సికింద్రాబాద్‌లో రైలు దిగడం, ఎదురుగా ఉన్న లాడ్జిలో బ్యాగులు పడేయడం.. దశాబ్దాలుగా తెలుగువాళ్లకు తెలిసిన దారి ఇదే. కానీ 2025 జనవరి 6న చర్లపల్లి కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణ పనుల వల్ల కొన్ని రైళ్లు అక్కడికి మారాయి. చర్లపల్లికి మెట్రో లేదు. తెల్లవారుజామున 4 గంటలకు సామాన్లతో అక్కడ దిగి సికింద్రాబాద్ లాడ్జికి చేరడానికి ఆటోవాలా చెప్పిన రేటు ఇచ్చుకోవాల్సి వస్తే? గది బుక్ చేసే ముందు టికెట్ మీద స్టేషన్ పేరు ఒక్కసారి చదివితే ఈ తిప్పలు ఉండవు.

టైమ్ కూడా ముఖ్యమే. మెట్రో మొదలయ్యేది ఉదయం 6 గంటలకు. రాత్రి 11 దాటాక దాన్ని నమ్ముకోలేం. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకైతే ఇప్పటికీ మెట్రో లేదు. ఆర్టీసీ పుష్పక్ బస్సులు, క్యాబులే దిక్కు. తెల్లవారుజామున విమానం ఉంటే మియాపూర్‌లో దిగి రాత్రంతా అలారం పెట్టుకుని కూర్చోవడం కంటే.. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మొదలయ్యే మెహదీపట్నం వైపు ఉండటం నయం.

ఆర్టీసీ విషయంలో మరో తేడా. తెలంగాణ మహిళలకు 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. ఆంధ్ర నుంచి వచ్చే మహిళలకు ఇది వర్తించదు. వాళ్ల రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి కూడా ఇక్కడ చెల్లదు. ఖర్చు లెక్కలో ఈ టికెట్లూ వేసుకోవాలి.

బుక్ చేసే ముందు ఒక్క ఫోన్ కొట్టండి

యాప్‌లో 'మెట్రోకి దగ్గర' అని రాస్తే నమ్మేయొద్దు. మ్యాప్‌లో నడక దారి పెట్టి చూడాలి. మధ్యలో ఫ్లైఓవర్ గానీ, దాటలేని రోడ్డు గానీ ఉంటే అర కిలోమీటరు కాస్తా కిలోమీటరున్నర అవుతుంది. ఆ తర్వాత హోటల్‌కే ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగాలి.

ఒకటి.. చెక్ ఇన్ ఎప్పుడు? పెద్ద హోటళ్లలో మధ్యాహ్నం 12కో 2కో గది ఇస్తారు. పాత లాడ్జీల్లో చాలాచోట్ల 24 గంటల పద్ధతి. పొద్దున 5కి దిగేవాళ్లకు ఇదే లాభం. రెండు.. లిఫ్ట్ ఉందా? ఆపరేషన్ అయిన మనిషిని మూడో అంతస్తుకు మెట్లెక్కించలేం. మూడు.. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు గది ఇస్తారా? వాళ్లు దిగిన 24 గంటల్లో హోటల్ వాళ్ల వివరాలు పంపాలి. ఆ ఏర్పాటు లేని చిన్న హోటళ్లు కౌంటర్ దగ్గరే వెనక్కి పంపేస్తాయి. అమెరికా పౌరసత్వం వచ్చిన మన పిల్లలకూ ఇదే రూల్. నాలుగు.. ఆ తేదీల్లో చుట్టుపక్కల ఏదైనా హడావిడి ఉందా? గణేశ్ నిమజ్జనం రోజు ఖైరతాబాద్, ట్యాంక్‌బండ్ వైపు, మ్యాచ్ ఉన్న రోజు ఉప్పల్ వైపు, జనవరిలో నుమాయిష్ జరిగేటప్పుడు నాంపల్లి వైపు రోడ్ల పరిస్థితి వేరు.

ఎంచుకునే స్తోమతే లేనివాళ్లు?

ఈ లెక్కలన్నీ జేబులో కాస్త డబ్బున్నవాళ్లకే. క్యాన్సర్‌కు రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి ఉండాల్సి రావచ్చు. రోజువారీ హోటల్ అద్దె మధ్యతరగతికే మోయలేని బరువు. అలాంటప్పుడు వంట చేసుకునే వీలున్న గదిని నెల లెక్కన మాట్లాడుకోవడం ఒక దారి. కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర జీహెచ్ఎంసీ నైట్ షెల్టర్లు ఉన్నాయి. అయినా పెద్దాసుపత్రుల ఆవరణల్లో, బయట ఫుట్‌పాత్‌ల మీద దుప్పటి పరుచుకుని పడుకునే అటెండెంట్లు కనిపిస్తూనే ఉన్నారు. వైద్యం కోసం రెండు రాష్ట్రాలూ ఒకే నగరం వైపు చూస్తున్నప్పుడు, పేషెంటు వెంట వచ్చినవాళ్లు తలదాచుకునే చోటు కూడా వైద్యంలో భాగమే. జీఎస్టీ 5 శాతమైనా, 12 శాతమైనా ఫుట్‌పాత్ మీద పడుకున్న మనిషికి తేడా లేదు.

మిగతావాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ముందు పని ఎక్కడో చూడాలి. తర్వాత దిగేది ఎక్కడో, ఏ టైమ్‌కో చూడాలి. ఆ రెండింటి మధ్య తేలిగ్గా తిరిగే దారి వెతకాలి. గది రేటు చూడాల్సింది ఆ తర్వాతే.