వంటింటి గట్టుకు ఏ బండ?



సుచిత్ర కూడలినుండి కొంపల్లి మీదుగా మేడ్చలు వైపు సాగు నాగపూరు రహదారి పొడవున వెనుకటి తరమువారు కట్టుకొన్న అపార్టుమెంటులయందు వంటిండ్లను నవీకరించుట ఇటీవల వేడుకయై, చెక్కుచెదరని గ్రానైటు గట్టులను సమ్మెటలతో పగులగొట్టించి, వాని స్థానమున తెల్లని కృత్రిమ క్వార్ట్జు పలకలను పరపించుచు, కొండను తొలువలేదు గనుక ఇది పర్యావరణమునకు మేలని దుకాణములవారు చెప్పు మాటను గృహస్థులు విశ్వసించుచున్నారు. ఆ విశ్వాసము సరికాదని ఈ పత్రికాముఖమున విన్నవింపగోరుచున్నాను.

క్వార్ట్జు పలక గనినుండి పలకగా వచ్చునది కాదు. స్ఫటికశిలను పొడిచేసి, పెట్రోలియమునుండి పుట్టిన రెసినుతో కలిపి, అదిమి, వేడిమిలో గట్టిపరచినదే అది. ఆ శిలకొరకును ఎక్కడనో ఒక గనిని త్రవ్వవలసినదే. దూరదేశపు సరుకని దానిని నిందింపజాలము, రంగారెడ్డి జిల్లా మేకగూడలోను విశాఖ చెంతనున్న అచ్యుతాపురములోను అది తయారగుచునే యున్నది. దోషము ధూళిలో నున్నది. నూటికి తొంబది పాళ్ళవరకు సిలికాగల ఆ పలకను సింకు కొరకో పొయ్యి కొరకో కోయునపుడు లేచు కంటికానని రజను కోతపనివాని ఊపిరితిత్తులలో నిలిచి సిలికోసిస్ వ్యాధిని కలిగించును. ఆ వ్యాధిని మాన్పు మందు నేటికిని లేదు. ఈ కారణముచేతనే ఆస్ట్రేలియా దేశము 2024 జూలై 1 నుండి ఆ పలకల తయారీని, సరఫరాను, వినియోగమును నిషేధించినది. గ్రానైటునందును సిలికా కలదు, కాని సామాన్యముగా నూటికి ముప్పది పాళ్ళ ప్రాంతమున మాత్రమే. ఒక యువకుని శ్వాసను హరించు వస్తువును పర్యావరణహితమని పిలుచుటకు నా మనస్సంగీకరింపదు.

క్రొత్తగా గట్టు కట్టువారికి మన తాండూరు బండ, కడప బండ చాలవా? రెండును సున్నపురాళ్ళే, పొరలుపొరలుగా విడివడు స్వభావముగల వగుటచే గ్రానైటు దిమ్మెను రంపముతో పలకలుగా కోయుటకగు శ్రమయు విద్యుత్తును వీనికి అంతగా నక్కరలేదు. మన ఇండ్లలో నేలలును వంటింటి అరలును ఈ బండలతోడనే నడచినవి. చింతపండు పులుసు, నిమ్మరసము పడినచోట మెరుపు చెడి మచ్చ నిలుచుట వాస్తవమే. ఒలికినవెంటనే తుడుచుకొన్నచో కొంతవరకు తగ్గును. తాండూరు గనులచెంత కుప్పలుపడిన వ్యర్థశిలలును, మెరుగుపెట్టు కర్మాగారముల బురదయు నేను మరువలేదు. కనుకనే ఏ బండయు నిర్దోషమని చెప్పబూనను. పులుపునకు వెరచువారు కరీంనగరపు గ్రానైటును కొనుట తప్పుకాదు.

ఐనను, వీని అన్నిటికంటె మేలైనది మీ యింట నిదివరకే యున్న బండ. దానికొరకై మరల కొండను పిండిచేయ నక్కరలేదు, లారీ నడువ నక్కరలేదు. మన హైదరాబాదు క్రింది గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు; అట్టి జాతిశిలను పదునైదేండ్లకే పాతబడినదనుట ఎట్టి న్యాయము? మెరుపు తగ్గినచో ఉన్నచోటనే మరల మెరుగుపెట్టించవచ్చును, అతుకులు విడినచో పూరింపవచ్చును. తీయక తప్పనిచో పగులగొట్టక, నిండుగా లేపించి, బాల్కనీలోనో, బట్టలుతుకు చోటనో పరపించుకొనవచ్చును.

మనకు కూతవేటు దూరమున జీడిమెట్లలో 2020లో నెలకొల్పిన భవనవ్యర్థముల కర్మాగారము రోజునకు 500 టన్నుల శిథిలములను పొడిచేసి ఇసుకగాను, కంకరగాను మార్చగల శక్తి గలది. అది హర్షణీయమే. కాని నిండు బండ అచట చేరి కంకరగుట ఆ శిలకు న్యాయము కాదు. నగరపాలక సంస్థవారు అచ్చోటనే పగులని బండలకు వేరొక స్థలమును కేటాయించి, చిన్న యిండ్లు కట్టుకొనువారికి స్వల్పమూల్యమునకు ఇప్పించుటయు, అపార్టుమెంటుల సంఘములవారు నీరు పోయక పొడిగా బండ కోయుటను తమ ఆవరణలయందు నిషేధించుటయు తక్షణము జరుగవలెనని కోరుచున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సుచిత్ర.