ఊరికే తిరిగే హక్కు

మొన్న సంక్రాంతి సెలవుల్లో నేను ఒక్కదాన్నే స్కూటరు మీద హైదరాబాదులో బయలుదేరి శ్రీశైలం, దోర్నాల, మార్కాపురం, నాగార్జునసాగర్ మీదుగా మూడు రోజుల్లో తిరిగొచ్చాను. ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. ఇరవై రెండేళ్ల కుర్రాడు వెళ్తే ఎవరూ లెక్కలోకి తీసుకోని ప్రయాణం. యాభై దాటిన టీచరమ్మ వెళ్లేసరికి చుట్టాలంతా ఫోన్లు చేశారు. “ఒక్కదానివేనా?” అన్నది మొదటి ప్రశ్న. “ఏం పని మీద?” అన్నది రెండోది. మల్లన్న దర్శనానికి అంటే కాస్త శాంతించారు. దారి చూడాలని వెళ్తున్నానంటే మాత్రం ఎవరికీ మింగుడుపడలేదు.

1980లలో మా ఇంటికి మొదటి స్కూటరు వచ్చింది. నాన్న నడిపేవాడు. తమ్ముడు ముందు నిలబడేవాడు. నేను మధ్యలో ఇరుక్కునేదాన్ని. అమ్మ చెల్లాయిని ఒళ్లో పెట్టుకుని వెనక ఒక పక్కకు తిరిగి కూర్చునేది. అన్నేళ్లూ అమ్మకు కనిపించింది పక్కన వెనక్కి పోతున్న గోడలే గాని ముందున్న దారి కాదు.

నిజానికి స్కూటరు పుట్టుకలోనే ఆడవాళ్లకు చోటుంది. 1946లో ఇటలీలో వెస్పాను తయారు చేసిన కొరదీనో దాస్కానియో విమానాల ఇంజనీరు. కాలు ఎత్తి అటు వెయ్యకుండా ఎక్కేలా, నూనె మరకలు బట్టలకు అంటకుండా ఆ బండిని మలిచాడు. మన దేశంలో 1984లో గేర్లు లేని, బటన్ నొక్కితే కదిలే కైనెటిక్ హోండా వచ్చింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చూడండి. వెనక కూర్చున్న మనిషి బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికైనా అడ్డు పెట్టాలంటుంది 123వ నియమం. అందులో స్త్రీ అన్న మాట లేదు. కానీ అది ఎవరి కొంగు కోసమో మనకు తెలుసు. కొంగుకు రక్షణ మంచిదే. ఆ కొంగు ఎప్పటికీ వెనక సీటులోనే ఉంటుందని అనుకోవడంతోనే పేచీ.

నా బండి 125 సీసీ పెద్ద స్కూటరు. ముందు గాలికి అడ్డుగా అద్దం, కాళ్లు చాచుకునే జాగా, సీటు కింద రెండు జతల బట్టలు పట్టే చోటు ఉన్నాయి. ట్యాంకు చిన్నది కాబట్టి నూట యాభై కిలోమీటర్లకోసారి పెట్రోలు పోయిస్తాను. చక్రాలూ చిన్నవే, గుంతల్లో నెమ్మదిగా పోవాలి. దోమలపెంట దాటాక డ్యాము వైపు దిగుడులో ఇంజను బండిని పెద్దగా ఆపదు, భారమంతా బ్రేకుల మీదే. రెండు చోట్ల ఆగి వాటిని చల్లారనిచ్చాను. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే విషయాలు. నాకు మా మెకానిక్కు ఒక్క పూటలో నేర్పాడు.

నేర్చుకుంటే తీరని ఇబ్బంది వేరే ఉంది. దారిలో ఒక పెట్రోలు బంకులో ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. తాళంచెవి మేనేజరు దగ్గరుందన్నారు. మేనేజరు భోజనానికి వెళ్లాడట. “సార్ వెనకొస్తున్నారా, మేడం?” అని అడిగాడు అక్కడి కుర్రాడు. పొద్దుటి నుంచీ నేను నీళ్లు తాగనిది ఇందుకే. దూరం వెళ్లే ప్రతి స్త్రీకీ ఈ లెక్క తెలుసు. మూత్రంలో మంట తెచ్చుకునే లెక్క ఇది. బంకులో మరుగుదొడ్డి ఉండాలన్నది చమురు కంపెనీల నిబంధనే. దాన్ని తెరిచి ఉంచమని మనం అడగడం లేదు.

“నీ క్షేమం కోసమే చెప్తున్నాం” అంటారు. ప్రమాదం లేదని నేను అనను. హెల్మెట్ లేకుండా వీధి చివరకు కూడా వెళ్లను. కానీ మన్ననూరు దగ్గర అడవి గేటు చూడండి. పులుల కోసం రాత్రి తొమ్మిదికి మూస్తారు, ఉదయం ఆరుకు తెరుస్తారు. ఆడా మగా అందరికీ ఒకటే వేళ. మన ఇళ్ల గేటు మాత్రం సాయంత్రం ఆరుకే, ఆడపిల్లకే మూతపడుతుంది. భయపెట్టేవాడు బయట తిరుగుతుంటే భయపడేదాన్ని లోపల ఉంచడం ఏం న్యాయం?

స్కూటరు కొనుక్కోగలిగిన కొందరి గొడవ ఇది అనవచ్చు. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చినప్పుడు విన్న మాటలు గుర్తు చేసుకోండి. “పని లేక తిరుగుతున్నారు” అన్నారు. కూలికి పోయే ఆమెనూ, పెన్షను దగ్గర పడ్డ నన్నూ కలిపి అన్న మాట అది. దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం పౌరులందరికీ ఇచ్చింది. పని ఉంటేనే అని అందులో రాసి లేదు.

కాబట్టి చేయగలిగినవి చేద్దాం. బండి కొంటే ఆర్సీ మన పేరుతో ఉండేలా చూసుకుందాం. కూతురికి సైకిలుతో ఆపకుండా లైసెన్సు ఇప్పిద్దాం. తాళం వేసిన మరుగుదొడ్డి కనబడితే బంకు ఫిర్యాదు పుస్తకం అడిగి అందులో రాసి మరీ కదులుదాం.

మా అమ్మకు ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. తిరిగొచ్చాక ఆవిడ ఒక్కతే “ఎందుకు వెళ్లావు?” అని అడగలేదు. “సాగర్ దగ్గర రోడ్డు ఎలా ఉందే?” అని అడిగింది.