కలర్ హెడ్ మూసుకుపోతే పారేయడమేనా?



ఇంట్లోనో దుకాణంలోనో ప్రింటర్ కలర్ సరిగా వేయడం మానేసిందంటే మనవాళ్ళు వెంటనే రెండు ఫైసలాలు ఇచ్చేస్తారు. ఒకటి, "రీఫిల్ సిరా పోశారుగా, అందుకే చెడింది." రెండోది, "హెడ్ పోయింది, కొత్తది కొనుక్కో." ఈ రెండూ చాలాసార్లు జల్దీబాజీ మాటలే అని నా అభిప్రాయం. నాడి చూడకుండానే మరీజ్‌ని కబరస్తాన్‌కి మోసుకుపోయినట్టుంటుంది ఇది. ముందు రోగం ఏమిటో చూడాలి, ఇలాజ్ చేయాలి, ఒకటి రెండు రోజులు సబర్ చేయాలి. ఫైసలా ఆ తర్వాత.

మన కడియంలో రంగు షోకు కాదు, రోజీ. కడియం, కడియపులంక చుట్టూ ఉన్న నర్సరీల సంగతి దేశమంతా తెలుసు. లారీ ఎక్కే మొక్క చిన్నది. దానికి ఇంకా పువ్వు ఉండదు. రేపు ఏ రంగు పూస్తుందో కొనేవాడికి చెప్పేది చీటీ మీది బొమ్మే. కలర్ హెడ్‌లో మెజెంటా ఆగిపోతే ఎర్ర గులాబీ బొమ్మ పసుపు గులాబీగా దిగుతుంది, ఎందుకంటే ప్రింటర్ ఎరుపుని మెజెంటా, పసుపు కలిపి చేస్తుంది. సయాన్ ఆగితే ఆకుపచ్చ ఆకు పండుటాకు అవుతుంది. పసుపు ఆగితే అదే ఆకు నీలంగా మారుతుంది. కొనేవాడి కంటికి అది ప్రింటర్ జబ్బు కాదు, అమ్మినవాడి ధోకా. షాదీ రుక్కా అయినా, పిల్లల స్కూల్ ప్రాజెక్టు అయినా ఇదే హాలు.

అసలు హెడ్ ఎందుకు మూసుకుపోతుంది? సిరా బయటికి వచ్చే రంధ్రాలు వెంట్రుకకన్నా సన్నం. వాడకుండా వదిలేస్తే వాటి మూతి దగ్గర సిరాలో తడి ఆరి పొక్కు కడుతుంది. చాలామంది బిల్లులు, జిరాక్సులు నలుపులోనే తీస్తారు. కలర్ నెలలకొద్దీ ఖాళీగా కూర్చుంటుంది. రోహిణీ కార్తె ఎండల్లో అలా వదిలేసి, మళ్ళీ సీజన్‌లో ఒక్కసారిగా వంద చీటీలు అడిగితే అది ఎక్కడినుంచి తెస్తుంది? కంపెనీ సిరా అయినా ఇలాగే ఎండుతుంది. కాబట్టి కుసూరంతా రీఫిల్ మీద రుద్దడం ఇన్సాఫ్ కాదు.

ఇంకో అలవాటు మన ఇళ్ళల్లో ఉంది. పని కాగానే గోడ స్విచ్ కట్టేస్తాం. ప్రింటర్ మీది బటన్ నొక్కితే హెడ్ పక్కకి వెళ్ళి రబ్బరు మూత మీద కూర్చుంటుంది, తడి ఆరదు. గోడ స్విచ్ కడితే హెడ్ దారిలో ఎక్కడుందో అక్కడే మూతి తెరుచుకుని ఆగిపోవచ్చు. దవాత్ మూత తీసి ఎండలో పెట్టినట్టే అది. ముందు బటన్, లైటు ఆరాక గోడ స్విచ్. ఇందులో పైసా ఖర్చు లేదు.

అలాగని రీఫిల్ ఎప్పుడూ బేకుసూర్ అని కూడా నేను అనను. సిరా రెండు జాతులు. డై సిరా నీళ్ళలో కరిగిన రంగు. పిగ్మెంట్ సిరాలో రంగు సన్నటి పొడిగా తేలుతూ ఉంటుంది. ఇంటి ప్రింటర్లలో మూడు రంగుల కార్ట్రిడ్జి సాధారణంగా డై సిరాకి తయారైనది. మొక్కకి నీళ్ళు పోసినప్పుడు చీటీ మీద రంగు కారకూడదని కొందరు కలర్‌లో పిగ్మెంట్ పోయిస్తారు. ఆశ మంచిదే, చోటు తప్పు. పాత డై మీద కొత్త పిగ్మెంట్ పడితే రెండూ కలిసి గడ్డకట్టవచ్చు. చీటీ తడవకూడదంటే లామినేషన్ చేయించండి, హెడ్ గొంతు పట్టుకోకండి. ఒక రంగు రంధ్రంలో ఇంకో రంగు పోయడం, పొంగేదాకా పోయడం, గాలి రంధ్రాన్ని టేపుతో మూసేయడం, ఇవీ రీఫిల్ చేసేవాడి ఐబులే.

ఇప్పుడు నాడి ఎలా చూడాలో చెప్తాను. ముందు నాజిల్ చెక్ కాగితం తీయండి. గీతలు అక్కడక్కడా తెగితే మూసుకుపోవడం మొదలైందన్నమాట. ఒక రంగు పూర్తిగా లేకపోతే అది ఖాళీ అయినా అయివుండాలి, ఎండిపోయినా అయివుండాలి, కాలిపోయినా అయివుండాలి. ఈ మూడింటినీ విడదీయడానికి తెల్లటి టిష్యూ కాగితం చాలు. హెడ్ కార్ట్రిడ్జికే అతికి ఉండే రకమైతే కార్ట్రిడ్జి బయటికి తీసి, తడి టిష్యూ మడత మీద కొన్ని సెకన్లు మెల్లగా ఆనించండి. మూడు రంగుల చారలు విడివిడిగా పడాలి. ఒక చార పడకపోతే ఆ రంగు ఖాళీ అయింది లేదా ఎండింది. ఇలాజ్ ఉంది. చారలు కలిసి బురదలా వస్తే రంగులు లోపల కలిశాయి. చార చక్కగా పడుతున్నా ప్రింటులో మాత్రం ఆ రంగు లేకపోతే దారి బాగానే ఉంది, కరెంటు వైపు తేడా ఉంది. రాగి బిందువులు పొడి గుడ్డతో తుడిచి చూడండి. అప్పటికీ రాకపోతే హెడ్ లోపలి హీటర్ కాలిపోయి ఉండవచ్చు. దానికి నీళ్ళు పనిచేయవు.

హీటర్ ఏమిటి అంటారా? ఇంక్‌జెట్ హెడ్‌లు ప్రధానంగా రెండు తరహాలు. కానన్, హెచ్‌పీ వాడేది వేడి పద్ధతి. 1977లో కానన్ ప్రయోగశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ సిరా ఉన్న సిరంజి సూదికి తగిలి సిరా చిమ్మిందని, అక్కడినుంచే బబుల్ జెట్ ఆలోచన పుట్టిందని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. హెచ్‌పీ 1984లో థింక్‌జెట్ పేరుతో ఇలాంటి ప్రింటర్ బజారులోకి తెచ్చింది. రెప్పపాటులో వెయ్యో వంతుకన్నా తక్కువ సమయంలో హీటర్ వేడెక్కి, బుడగ కట్టి, సిరా బొట్టుని బయటికి తోస్తుంది. ఆ హీటర్‌ని చల్లబరిచేది కూడా సిరాయే. సిరా అయిపోయాక కూడా ప్రింట్లు లాగుతూ పోతే హీటర్ కాలిపోతుంది. ఎప్సన్ వాడేది పీజో పద్ధతి. అందులో వేడి ఉండదు, కరెంటు తగలగానే ఒక పలక వంగి సిరాని నొక్కుతుంది. ఆ హెడ్ ప్రింటర్‌లోనే బిగించి ఉంటుంది, మార్చాలంటే ఖర్చు ఎక్కువ. అందుకే మీది ఏ రకమో తెలియకుండా ఎవరో చెప్పిన నుస్ఖా వాడకండి.

కార్ట్రిడ్జి రకానికి ఇలాజ్ సులభం. బ్యాటరీ దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. యాసిడ్ సీసా కాదని చూసి తీసుకోండి. బోరు నీళ్ళు వద్దు, వాటిలోని లవణాలు మళ్ళీ రంధ్రాల్లోనే పేరుకుంటాయి. ప్లేటులో మడిచిన టిష్యూ వేసి, గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ రెండు మూడు మిల్లీమీటర్ల లోతు పోసి, రంధ్రాలు మాత్రమే తడిసేలా కార్ట్రిడ్జిని అయిదు పది నిమిషాలు కూర్చోబెట్టండి. రాగి బిందువులకి తడి తగలనివ్వకండి. తీసి పొడి టిష్యూ మీద ఆనించండి. చారలు వచ్చేదాకా రెండు మూడుసార్లు ఇలా చేయవచ్చు. పెట్టేముందు బాగా ఆరనిచ్చి, ఒకే ఒక్క క్లీనింగ్ ఇచ్చి, నాజిల్ చెక్ తీయండి.

ట్యాంకు రకమైతే ముందు ట్యాంకులో సిరా కింది గీతకన్నా పైన ఉందా, గొట్టాల్లో గాలి ఉందా చూడండి. క్లీనింగ్ రెండుసార్లు, మహా అయితే మూడుసార్లు. బాగుపడకపోతే ప్రింటర్ ఆపేసి ఒక రాత్రి వదిలేయండి. బుడగలు తేరుకుంటాయి, ఎండిన పొక్కు నానుతుంది. తెల్లారి మళ్ళీ చూడండి. సిరంజితో నీళ్ళు ఎక్కించే పని తజుర్బా ఉన్నవాడికే వదలండి, జోరుగా నొక్కితే హెడ్ లోపల చిరిగిపోతుంది. కొన్ని ట్యాంకు ప్రింటర్లలో హెడ్ విడిగా దొరుకుతుంది, అది కూడా అడిగి తెలుసుకోండి.

అన్నిటికన్నా పెద్ద ఇస్రాఫ్ క్లీనింగ్ బటన్ పదిసార్లు నొక్కడం. ప్రతి క్లీనింగ్‌కీ మంచి సిరా పోయి కింద ఉన్న స్పాంజిలో పడుతుంది. ప్రింటర్ దాని లెక్క రాసుకుంటూ ఉంటుంది. స్పాంజి నిండిందని తేలిన రోజు ఇక పనిచేయనని మొరాయిస్తుంది. ఒక రోగం నయం చేయబోయి ఇంకో రోగం తెచ్చుకోవడం ఇది. గుండుసూదితో పొడవడం, గోళ్ళ రంగు తీసే అసిటోన్ పోయడం అసలే చేయకండి.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట. మరమ్మతు అనేది అరబీ మాట. తెలుగువాళ్ళు దాన్ని ఎంతగా సొంతం చేసుకున్నారంటే అది పరాయి మాటని ఎవరికీ గుర్తులేదు. ఆ మాటతో పాటు ఆ పని కూడా మన ముస్లింలు ఈ ఊళ్ళల్లో తరతరాలుగా చేశారు. గిన్నెలకి కలాయి, బట్టలకి రఫూ, తాళాలు, గొడుగులు, స్టవ్‌లు, సైకిళ్ళు. ఆ పనులు చాలావరకు పోయాయి. వాటి చోట మన కుర్రాళ్ళు సెల్‌ఫోన్ల దుకాణాలు, ప్రింటర్ల రిపేర్లు పెట్టుకుంటున్నారు. ఇదీ అదే ఖాందానీ హునర్. దీన్ని బతికించాలంటే ఇద్దరూ మారాలి.

మెకానిక్ భాయ్‌లకి నా మష్వరా: నాజిల్ చెక్ తీయకుండా "హెడ్ పోయింది" అనకండి. తీసిన కాగితం కస్టమర్‌కి చూపించండి. పోసే సిరా డైనా, పిగ్మెంటా, ఎవరిదో చెప్పండి. బాగు చేసిన పాత ప్రింటర్ అమ్మితే దాని ఐబు ముందే చెప్పండి. కొత్త హెడ్ అమ్మితే ఒకరోజు ఫాయిదా, ఇమాందారీతో ఉంటే ఆ ఇల్లు పదేళ్ళ గిరాకీ.

కస్టమర్లకి కూడా ఒక మాట. గంటసేపు నానబెట్టి, తుడిచి, పరీక్ష కాగితాలు తీసి బాగుచేస్తే "నీళ్ళలో పెట్టావు, అంతేగా, దీనికి డబ్బులేంటి" అంటారు. అదే మనిషి కొత్త కార్ట్రిడ్జి పెట్టి ఇస్తే మాట్లాడకుండా ఇస్తారు. వస్తువుకి ధర ఇచ్చి హునర్‌కి మజ్దూరీ ఎగ్గొడితే, ఆ కుర్రాడు రేపటినుంచి బాగుచేయడం మానేసి అమ్మడమే నేర్చుకుంటాడు. అలాంటి మెకానిక్‌ని మనమే తయారుచేసుకుంటున్నాం.

రీఫిల్ చేయించుకోవడం ఏదో చాటు పని అన్నట్టు సిగ్గుపడేవాళ్ళూ ఉన్నారు. ప్రింటర్ చవకగా ఇచ్చి సిరాలో లాభం లాగడం ఈ వ్యాపారంలో పాత దస్తూర్. అమెరికాలో లెక్స్‌మార్క్ కంపెనీ టోనర్ కార్ట్రిడ్జిలు నింపి అమ్మినవాళ్ళ మీద పేటెంట్ కేసు వేస్తే, 2017లో అక్కడి సుప్రీం కోర్టు ఒకసారి అమ్మేశాక దాని మీద కంపెనీ పేటెంట్ హక్కు చెల్లదని తేల్చింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల జాబితాలో ప్రింటర్లూ కార్ట్రిడ్జిలూ ఉన్నాయి. అంటే నిజంగా చచ్చిపోయిన కార్ట్రిడ్జిని కూడా కాలవగట్టున విసిరేయకూడదు. మన ఊరి మొక్కలు తాగేది ఆ కాలవ నీళ్ళే.

చివరిగా, ఈ జబ్బుకి అసలు మందు వారానికి ఒక కలర్ కాగితం. జుమ్మా రోజు అని పెట్టుకోండి, గుర్తుంటుంది. సయాన్, మెజెంటా, పసుపు మూడూ పడేలా ఒక చిన్న బొమ్మ, పిల్లలు గీసిందైనా సరే, తీయండి. అలా చేస్తే ఇన్షా అల్లాహ్ సీజన్ వచ్చిన రోజున మీ ఎర్ర గులాబీ ఎర్రగానే దిగుతుంది.