కమిలిన మచ్చను చూసి నవ్వకండి



కబడ్డీ ఆడుతూ ఇద్దరు ఢీకొని పడ్డారనుకోండి. మర్నాటికి ఒకరి మోకాలు నల్లగా కమిలి ఉంటుంది. రెండోవారి కాలిమీద మచ్చయినా ఉండదు. వెంటనే మనం తీర్పు చెప్పేస్తాం: "వాడు వట్టి సుకుమారం, వీడు గట్టి పిండం!" ఈ తీర్పు తప్పంటాను నేను. ఎందుకో చూడండి.

దెబ్బ తగిలినప్పుడు చర్మం తెగకపోయినా, దాని కింద వెంట్రుక కన్నా సన్నని రక్తకేశనాళికలు చిట్లుతాయి. బయటికి దారిలేక రక్తం అక్కడే నిలిచిపోతుంది. అదే కమిలిన మచ్చ. ఆ రక్తంలోని హిమోగ్లోబిన్ విడిపోయి మొదట ఆకుపచ్చని బిలివర్డిన్‌గా, తర్వాత పసుపుపచ్చని బిలిరుబిన్‌గా మారుతుంది. అందుకే మచ్చ రంగులు మార్చుకుంటూ సుమారు 2 వారాల్లో మాయమవుతుంది.

మరి అందరికీ ఒకేలా ఎందుకు కమలదు? ముసలితనంలో చర్మం పలచబడుతుంది. రక్తనాళాలకు ఆసరాగా ఉండే కొల్లాజెన్ తగ్గుతుంది. తాతయ్య చెయ్యి తలుపుకు తగిలినా కమలడం అందుకే. ఆస్పిరిన్ వంటి మందులు వాడేవారికి రక్తం త్వరగా ఆగదు. నల్లని చర్మం మీద మచ్చ ఉన్నా స్పష్టంగా కనిపించదు. వీటిలో ధైర్యానికి సంబంధించింది ఒక్కటైనా ఉందా?

ఇంకో కారణం ఉంది. చిట్లిన నాళానికి అడ్డుకట్ట వేసేవి రక్త ఫలకికలు. ఇవి ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో మామూలుగా 1,50,000 నుంచి 4,50,000 దాకా ఉంటాయి. డెంగీ జ్వరంలో ఈ సంఖ్య బాగా పడిపోవచ్చు. ఫలకికలు నాళం గోడకు అంటుకోవాలంటే జిగురులా పనిచేసే ఒక ప్రోటీను కూడా కావాలి. కొందరికి పుట్టుకతోనే అది తక్కువ. ఈ జబ్బును 1926లో ఫిన్లాండు వైద్యుడు ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్, ఆలండ్ దీవుల్లోని ఒక కుటుంబాన్ని పరిశీలించి వివరించాడు. దానికి ఆయన పేరే స్థిరపడింది. ఇది మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకూ వస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. "సుకుమారం" అని మనం వెక్కిరిస్తే ఆ పిల్లవాడు ఏం చేస్తాడు? మచ్చను దాచేస్తాడు. దాచిన మచ్చను డాక్టరు చూడలేడు కదా!

ఆటల్లో మోకాళ్ళు, మోచిప్పలు కమలడం మామూలే, భయం అక్కర్లేదు. కాని దెబ్బ తగలకుండానే తరచు మచ్చలు వస్తున్నా, ముక్కునుంచి మాటిమాటికీ రక్తం కారుతున్నా, పన్ను తీయించుకున్నాక రక్తం ఎంతకీ ఆగకపోయినా, "వేడి చేసింది" అని సరిపెట్టుకోకూడదు. ఆడపిల్లలు నెలసరి రక్తస్రావం అతిగా ఉంటే సిగ్గుపడకుండా అమ్మకు చెప్పాలి. రక్తపరీక్షలతో కారణం తెలుసుకోవచ్చు, చికిత్స ఉంది.

రేపు మీ తరగతిలో ఎవరి చేతిమీదనైనా కమిలిన మచ్చ కనిపిస్తే నవ్వకండి. "దెబ్బ ఎలా తగిలింది?" అని అడగండి. "ఏమో, తెలియదు" అంటే, ఆ సంగతి ఇంట్లో చెప్పమనండి.